గాదెలో దాచిన బుట్ట

మార్టినెజ్,
గురువారం

నా సిప్రియానోకి,

కాలి కట్టు విప్పేదాకా డాక్టరు నిన్ను కదలనివ్వడని తెలిసీ, పక్కన లేవని నీమీద కోపంగానే ఉంది. అమ్మ సామానంతా పెరట్లో పోగేశారు. దుప్పట్లు, గౌన్లు, ఆమె కూర్చునే కుర్చీ. రేపు తెల్లవారుతుండగా నిప్పు పెడతారు. అన్నీ కాలితేగాని ఆమె పోయినవాళ్ల దారిన వెళ్లలేదు. అది నీకు నేను చెప్పాలా?

ఒక్కటి మాత్రం ఆ పోగులో లేదు. పాము మెలికలతో అమ్మ అల్లిన బుట్ట. తుమ్మకాయల గాదెలో అడుగున దాచాను. అందంగా ఉందని ఆశపడ్డాననుకుంటావేమో, కాదు. పోయిన మర్నాటి నుంచీ అమ్మ రోజూ కల్లోకి వస్తోంది. గుమ్మం అవతలే నిలబడుతుంది, రమ్మంటే లోపలికి రాదు. కాళ్లనిండా దుమ్ము. అలసిపోయిందని తెలుస్తూనే ఉంది. అయినా కనబడుతోంది కదా! బుట్ట కాలిస్తే అదీ ఉండదు. నేను పంపను, సిప్రియానో. నా స్వార్థమే అనుకో.

కసిమీరా పెద్దమ్మ సంగతి తెలుసుగా, ఇల్లంతా గాలిస్తోంది.

"ఏమే ఫెర్మీనా, బుట్టేదే? కాళ్లొచ్చి నడిచిపోయిందా?"

"నాకేం తెలుసు పెద్దమ్మా?"

"మీ అమ్మ ఇక్కడిక్కడే తిరుగుతుంటే నీకు బావుంటుందా? నా మొహం చూసి చెప్పు!"

సాయంత్రం గాదె మూత తీసి భుజందాకా చెయ్యి పెట్టింది. కాసేపు అలాగే ఉండి, చెయ్యి దులుపుకుని, మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది. దొరకలేదనుకుంటా. బతికిపోయాను.

నీ ఫెర్మీనా


మార్టినెజ్,
శనివారం

సిప్రియానో,

రాత్రంతా అమ్మని సాగనంపుతూ పాడిన పాటలు నిన్న తెల్లవారుజామున ముగిశాయి. పెద్ద పాటగాడు కొరివి అందుకోబోతుంటే పెద్దమ్మ నా రెక్క పట్టుకుని గాదె వెనక్కి ఈడ్చుకెళ్లింది. ఇక నా పరువు తీస్తుందనుకున్నాను.

"నిన్ననే చేతికి తగిలిందే," అంది.

"మరి అప్పుడే అరవలేదేం?"

"అరిచే మొహమా నాది?"

మెడలో తాడుకి వేలాడే గుడ్డసంచి విప్పి చూపించింది. బుట్టలల్లే ఎముక దబ్బనం, వాడి వాడి నున్నబడిపోయింది.

"మా అమ్మది. పోయినప్పుడు నేను చిన్నపిల్లని, దాచేశా. ఇప్పటికీ కల్లోకొస్తుందే. ఆవిడకి ఇంకా పోయినప్పటి వయసే, నా కూతురిలా ఉంటుంది. నాకా, పళ్లన్నీ ఊడాయి. 'నా దబ్బనం ఇవ్వవే, పోవాలి' అంటుంది. ఇన్నేళ్లూ కన్నతల్లిని గుమ్మంలో నిలబెట్టానే!"

ఊరందరినీ నోటితో కడిగేసే మనిషి, వెక్కివెక్కి ఏడ్చింది. బుట్ట నేనే బయటికి తీశాను.

తీరా మంట దగ్గరికెళ్లాక ఇద్దరికీ చేతులు రాలేదు. "నువ్వు ముందు వెయ్యి" అంటే "నువ్వే వెయ్యి" అని కీచులాడుకుంటుంటే అందరూ వింతగా చూశారు. చివరికి పెద్దమ్మ తన దబ్బనాన్ని బుట్టలో పెట్టింది. చెరో పక్కా పట్టుకుని మంటలో వదిలాం. నేను కళ్లు మూసుకోలేదు. పాము నల్లబడటం, విడిపోవడం అన్నీ చూశాను.

రాత్రి కల రాలేదు. పొద్దున్నే లేచి గుమ్మంకేసి చూస్తే ఎవరూ లేరు. అమ్మ పోయిన రోజున కూడా అంతలా ఏడవలేదు. నా ఏడుపు వినబడిందేమో, పెద్దమ్మ వచ్చి పక్కన చతికిలబడింది.

"నాకూ రాలేదే," అంది.

నీ
ఫెర్మీనా