బెల్జియం రాజుకు నా రబ్బరు చెప్పులు

ఆర్మూర్ పట్టణ వాస్తవ్యుడిని, కీర్తిశేషులు నడిపయ్య కొడుకును, డెబ్బై మూడేళ్ల వాడిని, ఏడో తరగతి దాకా చదివి పసుపు పండించి బతికినవాడిని అయిన ప్రభుదాస్ అనే నేను, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. బుద్ధి నిలకడగా ఉంది. నన్ను ఎవరూ భయపెట్టలేదు, బతిమాలలేదు, తాగించలేదు. మనసు మాత్రం నిలకడగా లేదు, సంతోషంతో గంతులేస్తోంది. ఈ మాట రాస్తుంటే డాక్యుమెంట్ రైటర్ గంగాకిషన్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. సంతోషంలో రాసింది రేపు కోర్టులో నిలవదేమోనని అతని భయం. దురాశతో రాజులు రాసిన వీలునామాలు నిలిచినప్పుడు నాది ఎందుకు నిలవదు? ఏ రాజు అనేది కింద చెబుతాను.

సంతోషానికి కారణం, జనవరిలో నాకు మనవరాలు పుట్టింది. నా చిన్న కొడుకు జాన్ దుబాయిలో బండి నడుపుతాడు. అతని భార్య నీమాది ఆఫ్రికాలో కాంగో దేశం. దుబాయిలో ఒక హోటల్ వంటింట్లో పని చేసేది, అక్కడే ఇద్దరూ ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. పిల్లకు పేరు నీమానే పెట్టింది: కృప. అది చనిపోయిన నా భార్య పేరు. చూడని అత్త పేరు ఎందుకమ్మా అని అడిగితే, వాళ్ల భాషలో నీమా అన్నా కృపే అని చెప్పింది. ఒకే పేరు కాంగోలో ఒకసారి, ఆర్మూర్‌లో ఒకసారి పుట్టి నా ఇంట్లో కలుసుకుంటే నేను వీధంతా లడ్డూలు పంచకుండా ఉంటానా? షుగర్ ఉన్నవాళ్లకు కూడా పంచాను. వాళ్ల ఇళ్లవాళ్లు నన్ను క్షమించాలి.

ఇక వీలునామా దాకా ఎందుకు వచ్చిందంటే: పోయిన వానాకాలం గట్టు మీద జారిపడి తుంటి విరిగి నిజామాబాద్ దవాఖానలో పడి ఉన్నాను. జాన్, నీమా నన్ను చూడడానికి వచ్చారు. జాన్ సెలవు అయిపోయి తిరిగి పోయాడు, కడుపుతో ఉన్న నీమా నా దగ్గరే ఉండిపోయింది. ఆ సమయంలోనే నా పెద్ద కొడుకు నవీన్, హైవే పక్కన ప్లాట్ల వ్యాపారం చేసేవాడు, నా ఇంట్లో, నా టేబుల్ మీద, నా చేను నక్ష పరిచి స్కేలు పెట్టి గీత గీశాడు. రోడ్డు, బోరు ఉన్న సగం మీద తన పేరు రాసుకున్నాడు. రాళ్లున్న సగం మీద 'జాన్ దుబాయిల ఉన్నడు, తర్వాత చూద్దాం' అని రాశాడు. అంతటితో ఆగక ఆ గీత ప్రకారం నిలబడ్డ పసుపు మీద సున్నం పోయించాడు.

చేతికర్రతో చేనుకు పోయి ఆ తెల్ల గీత చూసి నేను అరిచిన అరుపుకు కొంగలు లేచిపోయాయి. నా పక్కన నిలబడ్డ నీమా మాత్రం నవ్వి ఒకటే మాట అంది: "బెర్లిన్." అదేదో సున్నం కంపెనీ పేరు అనుకున్నాను. తర్వాత గట్టు మీద కూర్చోబెట్టి ఆమె చెప్పింది విన్నాక, ఈ వీలునామాలో ఏమేం రాయాలో నాకు తెలిసింది.

1. ముందుగా నావి కానివి. గాలి, వాన, గట్టు మీద కొంగలు, బోరులో నీళ్లు, నా కొడుకులు, కోడళ్లు, వాళ్ల పిల్లలు నావి కావు. వీటిని ఎవరికీ రాసి ఇవ్వడం లేదు. ఇది కూడా రాయాలా అని గంగాకిషన్ అడిగాడు. రాయాలి. ఎందుకంటే నూట నలభై ఏళ్ల కింద తెల్లదొరలు బెర్లిన్‌లో టేబుల్ చుట్టూ కూర్చుని ఆఫ్రికా నక్ష పరుచుకుని, ఎవరికి ఏ ముక్క అని మాట్లాడుకున్నారు. ఆ ముక్కల్లో ఉండే మనుషుల్లో ఒక్కరిని కూడా ఆ టేబుల్ దగ్గరికి పిలవలేదు. అదే రోజుల్లో బెల్జియం రాజు లియోపోల్డు కాంగో మొత్తం తన సొంతం అనిపించుకున్నాడు. ప్రభుత్వానిది కాదు, ప్రజలది కాదు, నాకు ఈ చేను ఉన్నట్టు ఆయనకు కాంగో. తర్వాత వీలునామా రాశాడు, నేను పోయాక కాంగో నా బెల్జియంకు చెందాలని. అడవి, నది, ఏనుగులు, మనుషులు, వాళ్ల కడుపుల్లో ఉన్న పిల్లలు అన్నీ అందులో వచ్చేశాయి. ఎకరం పన్నెండు గుంటల చేను రాయడానికే గంగాకిషన్ నన్ను నాలుగు దిక్కుల హద్దులు అడిగాడు. ఆ రాజును ఎవరూ ఏమీ అడగలేదా?

2. సదరు బెల్జియం రాజు గారికి, ఆయన లేరు గనుక ఆయన విగ్రహం ఎక్కడ ఉంటే అక్కడికి, నా హవాయి చెప్పుల జత. ఎడమది తెగితే తీగతో కుట్టాను. ఇవి ఇవ్వడానికి రెండు కారణాలు. ఒకటి, ఆయన తన సొంతమన్న కాంగోలో ఒక్కసారి కూడా కాలు పెట్టలేదట. నా చెప్పులకు నా చేనులోని ప్రతి రాయీ తెలుసు, భూమి మీద ఎట్లా నడవాలో అవి ఆయనకు నేర్పుతాయి. రెండు, అవి రబ్బరువి. ఆయనకు రబ్బరు అంటే ప్రాణం. సొంత ప్రాణం కాదు, పరాయి ప్రాణం.

3. ఇక్కడ నవ్వకుండా రాస్తున్నాను. నీమా ముత్తాత తండ్రి అడవిలో రబ్బరు తెచ్చేవాడు. అతని భార్యను పట్టుకుపోయి కొట్టంలో పెట్టి, బుట్ట నిండితేనే వదులుతామన్నారు. రాజు సిపాయిలు కాల్చిన ప్రతి తూటాకు ఒక నరికిన చెయ్యి తెచ్చి దొరకు చూపించాలి. తూటాను వేటకు వాడుకున్న సిపాయి లెక్క సరిచేయడానికి బతికున్నవాడి చెయ్యి నరికేవాడు. అట్లా అతని కుడిచెయ్యి పోయింది. మనిషి బతికాడు. తర్వాత ఎవరు ఏమిచ్చినా అతను ఎడమచెయ్యి చాస్తే భార్య తన చెయ్యి దాని పక్కన పెట్టేది. ఇద్దరి చేతులు కలిసి ఒక దోసిలి. ఇప్పటికీ నీమా వాళ్ల ఇంట్లో ఏ కానుకనైనా ఒక్కరు తీసుకోరు, పక్కన ఇంకొకరి చెయ్యి ఉండాలి. పెళ్లయి వచ్చిన కొత్తలో నేను పసుపు కొమ్ములు ఇస్తే, ఆమె జాన్‌ను పిలిచి అతని చెయ్యి పక్కన పెట్టించుకుని తీసుకుంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. సిగ్గు అనుకున్నాను.

కాబట్టి నా భార్య తెచ్చుకున్న ఇసుర్రాయి నీమాకు. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరు ఒకే కట్టె పట్టుకుని తిప్పే వస్తువు. అది చూడగానే ఇది మా ఇంటి కోసమే చేసినట్టుంది బాబా అంది. ఆ రెండో చోటు పెద్ద కోడలు సుస్మితది. దవాఖానకు నాకు పూటపూటకూ జొన్న గట్క మోసుకొచ్చిన పిల్ల. కూర్చోమంటే కూర్చోదు, ఇసుర్రాయి పేరుతోనైనా కూర్చుంటుందని.

4. 'బాబా' అంటే వాళ్ల స్వాహిలి భాషలో తండ్రి. దవాఖానలో ఆమె అట్లా పిలిస్తే పక్క మంచం వాళ్లు నేను ఏదో దర్గా మనిషిని అనుకుని తాయెత్తు అడిగారు. ఇచ్చి ఉండాల్సింది. అప్పటికి ఆమెకు తెలుగు రాదు, నాకు ఆమె భాష రాదు. కానీ ఆమె 'దవా' అంది, మందు తెలిసింది. 'హబారి' అంది, అది ఖబరే కదా అనుకుని "ఖబర్ ఏముంటది బిడ్డా, గిట్లనే పడి ఉన్న" అన్నాను. వాళ్లకు హకి అంటే మనకు హక్కు, వకిలి అంటే వకీలు, సబాబు అంటే సబబు, వకాటి అంటే వఖ్తు. హైదరాబాద్ చుట్టాలు నా మాటలు విని ముక్కు విరిచేవాళ్లు, తురక మాటలు కలిపిన తెలుగట. ఆ మాటలతోనే నేను కాంగోతో మాట్లాడాను. తెల్లరాజుల సాయం లేకుండా అరబ్బు ఓడల మీద రెండు దిక్కులా దిగిన మాటలు ఇవి అని నేను మొన్న పొంగిపోతుంటే, ఇప్పుడు తెలుగు నేర్చిన నీమా నన్ను అక్కడే ఆపింది: "జర ఆగు బాబా. గా ఓడలల్లనే మా మనుషులను గూడ పట్టుకపోయి అమ్మిండ్రు." సరే, ఓడలను పొగడను. మాటలను మాత్రం నా మనవరాలు కృపకు రాస్తున్నాను, ఒక్కటి కూడా పోకుండా.

5. నా చెల్లెలు సువార్తకు, ఆమె నీమాకు పెళ్లి కానుకగా ఇచ్చిన తెల్లబడే పౌడరు డబ్బా వాపసు. మూత తియ్యలేదు. ఆ రోజు నలుగురిలో సువార్త నన్ను అడిగింది, "గీ పిల్లకు ఎన్ని క్వింటాళ్ల పసుపు రాస్తవే అన్నా?" అని. ఆ మాట నేను మరిచిపోలేదు, నీమా కూడా మరిచిపోలేదు. తెలుగు రాగానే మొదట దానికే జవాబు చెప్పింది: "మీరు పుట్టినకాన్నుంచి రాస్తున్నరు గదా అత్తమ్మా, తెల్లగయితే అయిండ్రా? పసుపుపచ్చగనే అయిండ్రు." సువార్త నెల రోజులు మా గడప తొక్కలేదు. పిల్ల పుట్టినాక మాత్రం నీళ్లు పోయడానికి రోజూ వచ్చింది. అందుకే డబ్బాతో పాటు నా భార్య ఊదారంగు పట్టుచీర కూడా సువార్తకే. డబ్బా ముందు ఇవ్వాలి, చీర తర్వాత.

6. మా పాస్టరు గారికి ఒక ప్రశ్న. మా తాతల దగ్గరికి దొరలు బైబిలు, దవాఖాన పట్టుకొచ్చారు. మా తాతలను గుడి బయట నిలబెట్టిన ఊళ్లోనే ఆ దొరలు బెంచీ వేసి కూర్చోబెట్టారు, అది నేను మరిచిపోను. నీమా తాతల దగ్గరికి బైబిలు, తుపాకి కలిసి వచ్చాయి. ఒకే ఏసయ్య రెండు రకాల సామానుతో ఎట్లా ప్రయాణం చేశాడు అయ్యగారూ అని అడిగితే ఆయన చాయ్ తాగి వెళ్లిపోయారు. నా సమాధి దగ్గర పాటలు తక్కువ పాడి దీనికి జవాబు చెప్పాలి. వినడానికి నాకు అప్పుడు తీరిక ఉంటుంది.

7. వేల్పూర్ రోడ్డు మీది చేను, ఎకరం పన్నెండు గుంటలు. దీని గట్టు వంకరగా ఉంటుంది. నేను, నా భార్య నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తూ నడిచి నడిచి వేసిన గట్టు, అందుకే వంకర. అందులో సూటిగా ఉన్నది నవీన్ గీసిన గీత ఒక్కటే, అది కూర్చుని గీసింది గనుక. ఈ చేను నవీన్‌కు, జాన్‌కు సమానంగా, పంచకుండా, కలిపే ఇస్తున్నాను. మనవరాలు కృపకు పద్దెనిమిదేళ్లు నిండేదాకా అమ్మరాదు, ప్లాట్లు చేయరాదు, సున్నం పోయరాదు. పసుపు ఒక్కచోటే ఉడకాలి.

8. నవీన్‌కు, సదరు గీత గీసిన ముప్పై సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు. ఇది నేను పోయేదాకా ఆగనవసరం లేదు, ఇవాళే ఇస్తాను. దానితో పాటు పసుపు ఉడకబెట్టే పెద్ద ఇనుప కడాయి కూడా వాడిదే. చిన్నప్పుడు చలికాలం దాని పక్కన వెచ్చగా పడుకుని, ముక్కు నిండా పసుపు వాసనతో లేచేవాడు. వాడు చెడ్డవాడు కాదు. అందరూ గీతలు గీస్తున్న హైవే మీద కూర్చున్నాడు, అంతే. నా బాధ చేను గురించి కూడా కాదు. నీమా ఈ ఇంట్లోకి వచ్చిన నాటి నుంచి ఇవాళ్టి దాకా వాడు ఆమెను 'గామె' అనే అన్నాడు. "గామెకు మన భూమితోటి ఏం పని బాపూ?" అని నా ముందే అడిగాడు. బెర్లిన్ టేబుల్ దగ్గర కూడా ఎవరికీ పేర్లు లేవు, వరసలు లేవు. నా ఇంట్లో అది నడవదు. చేను ముక్కలయినా ఓర్చుకుంటానేమో గాని, నా మనవరాలు పెద్దనాన్న నోట తల్లి వరస వినకుండా పెరిగితే ఓర్చుకోను.

9. ఈ వీలునామాను అమలు జరిపే అధికారం నీమాది. పరాయి దేశపు ఆమెకు ఎందుకని ఎవరైనా అడిగితే, అడగకుండా రాసిన వీలునామా ఏం చేస్తుందో ఈ ఆర్మూర్ మొత్తంలో ఆమె ఒక్కదాని ఇంటికే తెలుసు. చేను పాసుబుక్కు ఆమె దగ్గరే ఉంటుంది. నవీన్ ఒక చెయ్యి, జాన్ ఒక చెయ్యి పక్కపక్కన చాచినప్పుడే అందులో పెట్టాలి. ఎవరైనా తన రెండు చేతులూ చాస్తే మళ్లీ పెట్టెలో పెట్టేయాలి. ఇది షరతు.

10. నన్ను పాతిపెట్టేటప్పుడు బూట్లు తొడగవద్దు. పోయే చోట భూమి ఎట్లా ఉందో కాలికి తెలియాలి. చెప్పులు ఎట్లాగూ బెల్జియం పోతున్నాయి.

పైన రాసిందంతా చిన్న కోడలు నీమాకు, పెద్ద కొడుక్కి ఎదురుగా గట్టిగా చదివి వినిపించాను. ఇంతకుముందు నేను నోటితో ఎవరికి ఏం మాట ఇచ్చి ఉన్నా, దీని ముందు అవేవీ చెల్లవు.

తేదీ: 2026 మార్చి 16, సోమవారం, ఆర్మూర్.

సంతకం: ప్రభుదాస్

ఎడమచేతి బొటనవేలి ముద్ర: (ముద్ర చెదిరింది. వేసేటప్పుడు మనవరాలు కృప ఆ వేలు పట్టుకుని వదలలేదు. దీన్ని దిద్దుబాటుగా ఎంచరాదు.)

సాక్షులు:

1. దేవిదాస్, పక్క చేను రైతు. వంకర గట్టుకు అవతలి వైపు నాదే. గట్టు మాట నిజం.

2. గంగాకిషన్, డాక్యుమెంట్ రైటర్. రెండో నంబరు, ఆ చెప్పుల మాట, తీసెయ్యమని చెప్పాను, ఆయన వినలేదు.

ముట్టినట్టు రాసిచ్చింది: స్కేలు ఒకటి ఇవాళ ముట్టింది. ఒక చెయ్యి నాది, పక్క చెయ్యి మా మరదలు నీమాది. — నవీన్