గాలికి రాలిన కాయలు

కొల్లాపూర్,
మే 6, 2025.

నిరంజన్‌కు,

నమస్కారం. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే శాంతమ్మ పోలీస్ స్టేషన్ అరుగు మీద కూర్చుని ఉండగా ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి ఈ ఉత్తరం మీ కాలనీ గేటు దగ్గర ఇచ్చి పోతున్నాను.

పోయిన నెల కలిసినప్పుడు ఆ కాలనీ గురించి ఎంత చెప్పావు! మామిడితోట కొట్టేయకుండా చెట్ల మధ్యే ఇళ్లు కట్టారని, పట్నంలో అద్దెకయ్యే దాంట్లో సగానికే ఇక్కడ ఇల్లు గడుస్తుందని, ఏసీ అక్కర్లేని నీడ అని. నీడ చల్లగానే ఉంది, ఒప్పుకుంటాను. మరి ఆ చవక ఎక్కడి నుంచి వచ్చింది? మీ అంట్లు తోమేవాళ్లు, మీ ఆకులు ఊడ్చేవాళ్లు గోడ అవతల రేకుల కింద ఉడికిపోతుంటే కదా మీకంత చవక!

మొన్న గాలిదుమారం వచ్చింది. కోసిన కాయ గుత్తదారుది, రాలిన కాయ ఏరుకున్నవాళ్లది. ఇది మన ఊరి ధర్మం. మనిద్దరం లాగుల జేబులు చిరిగేదాకా ఏరినవాళ్లమే. గోడ కట్టినంత మాత్రాన ధర్మం మారుతుందని శాంతమ్మ అనుకోలేదు, మీ కాలనీలో రాలిన కాయలు సంచిలోకి ఏరుకుంది. కాపలావాడు సంచి గుంజుకున్నాడు. కాలనీ కార్యదర్శివి కదా, నువ్వు దొంగతనమని ఫిర్యాదు రాసిచ్చావు.

"సార్, జర మీ దోస్తుకు చెప్పుండ్రి. సాయంత్రం దాంక చూస్త. వాపస్ తీసుకోకుంటే కేసు రాయాల్నే" అన్నాడు ఎస్సై. కేసు పడితే ఆమె వంట పని పోతుంది. ఆ ఇంటికి వేరే ఆధారం లేదు.

"గిన్ని కాయలు ఎవరికోసమే?" అని కానిస్టేబుల్ గద్దిస్తే, "నాకే" అని తలొంచుకుంది. నేను ఆస్తి గురించి, హక్కుల గురించి అక్కడే ఉపన్యాసం అందుకున్నాను. "మీరు జర నిమ్మళంగుండుండ్రి సారూ. మీ లొల్లికి ఆయన ఇంకా బిగుస్తడు" అని నన్నే కసిరింది.

నిమ్మళం నాకెప్పుడు చేతనైంది? బంజరు భూముల ధర్నాలో నా పక్కన కూర్చున్నవాడివి నువ్వు. గోడ లోపల వీచిందని గాలి కూడా మీ సొంతమేనా? సాయంత్రం లోపు వచ్చి ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకో. నన్ను తిట్టాలంటే తర్వాత తీరిగ్గా తిట్టు.

కోపం తగ్గకపోయినా నీవాడినే,
ఇస్రాయేలు

తా.క. చెప్పొద్దని శాంతమ్మ ఒట్టు పెట్టించుకుంది. అయినా రాస్తున్నాను. ఆమెను గేటు దాకా వచ్చి లోపలికి పిలుచుకుపోయింది మీ అమ్మ యాదమ్మ పెద్దమ్మే. "శాంతమ్మా, ఈసారి నాకింత మామిడి ఒరుగులు ఎండబెట్టియ్యవే. ఈడ పప్పుల పులుపే లేదు. వాకిట్ల ఎండబెడ్దామంటే కాలనీవోళ్లు ఏమనుకుంటరోనని మావోడు పెట్టనియ్యడు" అందట. ఆ సంగతి స్టేషన్లో చెబితే ఇంట్లో పెద్దమ్మకు నీతో మాట పడుతుందని నోరు కట్టుకుంది. కాయల సంచి ఎస్సై బల్ల మీదే ఉంది. వచ్చి చూడు, అది మీ ఇంటి బియ్యం సంచే.