ముందు వరుసలో చప్పట్లు

కృష్ణానగర్, మంగళవారం

అక్కా, మేమంతా క్షేమమే. ఫోన్లో నీకు సరిగా వినపడదని కార్డే రాస్తున్నాను. కార్పొరేటర్‌నయ్యాక కాలు ఇంట్లో నిలవడం లేదు, ఒళ్ళు హూనమైపోతోంది.

నిన్న మా దగ్గర మురుగు నాలా వెడల్పు పనికి మంత్రిగారు శంకుస్థాపన చేశారు. కుర్చీలు నిండవని మా పార్టీ వాళ్ళు జూనియర్ ఆర్టిస్టులను పిలిపించారు. షూటింగ్‌లో లాగే, వాళ్ళను తెచ్చిన ఏజెంటు చెయ్యెత్తినప్పుడల్లా చప్పట్లు కొట్టాలి. నాలా పక్క ఇళ్ళు తీసేసి ఊరి చివర ఫ్లాట్లు ఇస్తామన్నారు మంత్రిగారు. ఏజెంటు చెయ్యెత్తాడు, అందరూ అలవాటు కొద్దీ కొట్టేశారు. ఆ ఇళ్ళు వాళ్ళవే అక్కా! అంత దూరం పోతే తెల్లవారుజామున ఇక్కడ షూటింగ్ బస్సు ఎలా అందుకుంటారు? మీ వీధి నుంచి సినిమాలకని నువ్వు పంపావే, ఆ కౌసల్యకే ముందు తట్టింది. "అంటే మా ఇళ్ళేనా అండీ?" అని లేచింది. ఏజెంటు కూర్చోబెట్టేశాడు. మంత్రిగారు నా వైపు వంగి, "మీ జనం మస్తు మంచోళ్ళమ్మా, ఇండ్లు పోతున్నా చప్పట్లు కొట్టిన్రు" అన్నారు.

బావగారి కంటి ఆపరేషన్ అయిందా? బోరు మోటారు బాగు చేయించారా? మీ మరిది కొడుకు సిద్ధార్థను వేషాలకని ఇప్పుడు పంపకు. ఫ్లాట్లు దగ్గర్లో ఇమ్మని అడగడానికి రేపు మంత్రిగారి ఆఫీసుకు వెళ్తాను, ఇస్తారన్న నమ్మకం మాత్రం లేదు.

పిల్లలకు నా దీవెనలు. కౌసల్య వాళ్ళమ్మ అడిగితే, మంత్రిగారి సభలో ముందు వరుసలో కూర్చుందని చెప్పు. అంతవరకే చెప్పు.

నీ చెల్లెలు,
లీల