డాక్టరమ్మకు చదివి చెప్పిన వాక్యం

మరిది గోవిందప్పకు వదిన దీవెనలు.

ఫోనులో చెప్పబోతే ఏడుపొస్తోంది, అందుకే రాస్తున్నాను. మీ అన్న తుంటి ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ మాట తడబడుతోందని నిన్న డాక్టరమ్మ జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టింది. ఏ నెలో, ఏ ఊరో అడిగాక కాగితమిచ్చి ఏదైనా ఒక వాక్యం రాయమంది. ఆయన తెలుగులో రాశారు. ఆమె మలయాళీ, మన అక్షరాలు రావు. ఏం రాశారని కన్నడంలో నన్నడిగింది.

"ఈ పొద్దు అన్నం బాగుండాది అని రాసినారమ్మా" అన్నాను. ఆమె నవ్వి మార్కు వేసింది.

ఆయన రాసింది అది కాదప్పా. "నాకు అన్నం తినిపించే ఈయమ్మ ఎవరో శానా మంచిది. మా ఇంటామెకు కబురు పెట్టండి" అని రాశారు.

రెండేళ్ళుగా ఆయన మరిచిపోయినవన్నీ పక్కనుంచి నేనే అందిస్తూ వచ్చాను. మీకెవరికీ తెలియనివ్వలేదు. మతిమరుపు ఎప్పటి నుంచి అని డాక్టరమ్మ అడిగితే, ఆపరేషన్ అయ్యాకే అన్నాను. అలాగైతే నెమ్మదిగా తగ్గుతుందిలే అంది. ఆ మాట ఆమె నోట వినాలనే అబద్ధమాడానేమో.

సోమవారం ఆమె మళ్ళీ వస్తుంది. దొడ్డబళ్ళాపురంలో మగ్గం పని ఒక్కరోజు ఆపి రా. ఆ కాగితం ఉన్నదున్నట్టు చదివి చెప్పు. నాకు నోరు రాదు.

ఇందాక ఆయనకు తినిపించి చెయ్యి కడుగుతుంటే, "నువ్వు తింటివామ్మా?" అని అడిగారు. నలభై ఏళ్ళ కాపురంలో నన్ను ఆ మాట ఎన్నడూ అడగలేదు.

మీ వదిన