అన్న చేత్తో పోసిన ఎంజైమ్

2 సెప్టెంబర్ 1997, ప్రొద్దుటూరు

మళ్ళీ ఫెయిల్. బీకరులో గంటకు తేటపడే చీనీ, అదే బత్తాయి, రసం వెయ్యి లీటర్ల ట్యాంకులో గంజిలాగే ఉండిపోయింది. రియాక్షన్ ఇంజనీరింగ్ అంటే పెద్ద బీకరు అనుకుంటాడు మా ప్రిన్సిపాల్. ఆవిరి గొట్టం పక్కన రసం మాడుతుంది, అంచున చల్లగా ఉంటుంది. రసాన్ని తేటపరచాల్సిన ఎంజైమ్ ఒకచోట చస్తుంది, ఇంకోచోట నిద్రపోతుంది. కెమిస్ట్రీ చెప్పేవాళ్ళకే ఇది అర్థం కాకపోతే ఈ దేశం ఇంకేం బాగుపడుతుంది?

6 సెప్టెంబర్, పులివెందుల

లింగాల రైతుల సొసైటీ షెడ్డు. ఆవిరి తగ్గించి, కలియబెట్టే వేగం పెంచి, నలభై అయిదు డిగ్రీల దగ్గర నిలబెట్టాం. గంటన్నర. గ్లాసు వెనక పేపరు పెడితే అక్షరాలు కనబడ్డాయి! గంజి కాస్తా నీళ్ళయిపాయె గదా సార్ అని నవ్వాడు బాయిలర్ చూసే కమాల్ బాషా.

సొసైటీ ప్రెసిడెంటు సాలోమోనుకు రెండెకరాల చీనీ తోట. మండీవాడు కాయ కోసినాక ధర చెప్తాడు సార్, కోసిన కాయ మళ్ళా చెట్టుకెక్కుతాదా అన్నాడు. పదిహేనున రసం కొనే హైదరాబాద్ కంపెనీ ఇంజనీరు ఇందిర వస్తుంది. తేట రసం చూస్తే ఒప్పందం. ఇక మండీ గడప తొక్కనక్కర్లేదు.

11 సెప్టెంబర్

సొసైటీ వాళ్ళతో ఒకటే తగువు. ప్రారంభానికి ఇక్కడి ఫ్యాక్షన్ నాయకుణ్ణి, అందరూ అన్న అనే ఆయనను, పిలవాలట. ఇక్కడ బోరు వేసినా, బడి కట్టినా మొదటి చెయ్యి ఆయనదే. చేతుల నిండా కేసులున్న మనిషి! బానిసల్లారా అని అరిచాను. నువ్వు పొద్దుటూరికి పోతావు సార్, మేము ఈడనే పండుకోవల్ల అన్నాడు సాలోమోను. ఫ్యూడలిజం మీద నేను రాసిన కరపత్రం ఉంటే ఇచ్చాను.

15 సెప్టెంబర్, ఉదయం 9

ఎంజైమ్ నీళ్ళలో కలిపి ఇత్తడి చెంబులో పోశారు. పసుపు, కుంకుమ, మామిడాకులు. అన్న తన చేత్తో ట్యాంకులో పోస్తాడట. పదికి వస్తాడట.

మధ్యాహ్నం 1

రాలేదు. జమ్మలమడుగు దారిలో ఎవరో నాటుబాంబు వేశారు, కాన్వాయ్ చుట్టు తిరిగి వస్తోంది. చెంబు ఎండలో ఉంది. ముట్టుకుంటే చెయ్యి కాలింది. రసం తోడు లేకుండా, వట్టి నీళ్ళలో, ఆ వేడికి ఎంజైమ్ బతకదు. ఐస్ డబ్బాలో ఇంకో ప్యాకెట్ ఉంది. కొత్తది కలిపి చెంబులో పోస్తా సార్, యాడ తెలుస్తాది వీళ్ళకు అని చెవిలో అన్నాడు కమాల్ బాషా. చెంబు చుట్టూ అన్న మనుషులు నలుగురు.

వద్దన్నాను. నేనే.

16 సెప్టెంబర్

నిన్న రెండున్నరకు వచ్చాడు అన్న. పోశాడు. చప్పట్లు. నేనూ కొట్టాను.

నాలుగున్నరకు ఇందిర శాంపిల్ తీసింది. గంజి. ఎందుకిలా అయిందని అడిగింది. అన్న మనుషులు ఇంకా షెడ్డులోనే ఉన్నారు. చూడాలి అన్నాను. కారణం రాసి పంపండి, సరిదిద్దగలిగేదైతే పది రోజుల్లో మళ్ళీ వస్తాను, లేకపోతే ఫైలు మూసేస్తారు అని చెప్పి వెళ్ళింది.

కారణం ఒక్క వాక్యం. సరిదిద్దడం ఇంకా సులువు. ఎవరికోసమూ ఆగకపోవడమే.

19 సెప్టెంబర్

అన్న మనిషి ఒకడు కాలేజీకి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. అన్న చెయ్యి మంచిది గాదని ఎవరో రాస్తాండారంట గదప్పా, నువ్వు గాదులే అన్నాడు. నా టీ కూడా తనే తాగి పోయాడు.

20 సెప్టెంబర్

నాలుగుసార్లు రాశాను, చించాను. సాయంత్రం సాలోమోను బస్సు దిగి నేరుగా ఇంటికొచ్చాడు. ఉన్నది రాయి సార్, ఆలస్యం నావల్లనే అయిందని నా పేరు పెట్టు, నన్నేం చేస్తే అది చేసుకోనీ అన్నాడు. నేను బానిస అని తిట్టిన మనిషి.

22 సెప్టెంబర్

రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. కారణం: ఎంజైమ్ నాణ్యత లోపం, సరిదిద్దడం మా చేతిలో లేదు.

బస్టాండులో సాలోమోను ఏం రాశావని అడిగాడు. ఉన్నదే రాశానన్నాను. సంచీ నిండా కాయలు ఇచ్చి పోయాడు.