నాలుగు గంటల లోపు చింపాల్సిన ఫైలు

మార్చి 28, శుక్రవారం
మధ్యాహ్నం మూడు గంటలు

చిరంజీవి చిట్టికి,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ మేం క్షేమం. నువ్వూ, బావగారూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. తొమ్మిదేళ్ళుగా నా ఉత్తరాలకు నువ్వు జవాబివ్వడం లేదు కాబట్టి, తలుచుకోవడం తప్ప నాకు వేరే దారి లేదు.

మా పరిశోధన పత్రికకు సంపాదకుడిగా ఈరోజే నా ఆఖరి రోజు. నాలుగింటికి కొత్త సంపాదకురాలు వస్తుంది, బీరువా తాళాలు ఇచ్చేయాలి. మా దగ్గరొక పద్ధతుంది. దిగిపోయే సంపాదకుడు, తిప్పి పంపిన వ్యాసాల ఫైళ్ళన్నీ తన చేత్తోనే చింపేసి పోవాలి. ఎవరి వ్యాసాన్ని ఏ పరీక్షకుడు ఏమన్నాడో తరవాతి వాళ్ళకు తెలియకూడదని. పొద్దుటి నుంచీ అదే పని. ఆరు బస్తాలు నిండాయి. పద్నాలుగేళ్ళ పండితుల కోపమంతా వాటిలోనే ఉందనుకో. నీ ఫైలు ఒక్కటే ఇంకా బల్లమీద ఉంది. రెండుసార్లు చింపబోయి ఆగాను.

నిన్న వీడ్కోలు సభ పెట్టారు. మా పాత గుమాస్తా లేచి, మా సారు సొంత చెల్లెలి వ్యాసాన్నే తిప్పి పంపిన మనిషండీ అని పొగిడాడు. ఒకటే చప్పట్లు. నాకు ముళ్ళమీద కూచున్నట్టయింది. మీ వదిన మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఇంటికొచ్చాక, ఆ పిల్లకు ఎప్పుడు చెబుతారని అడిగింది.

ఆ వ్యాసంలో నువ్వు, రాత్రంతా గొట్టంలో నిలవున్న నీళ్ళలోనే సీసం ఎక్కువ, పొద్దున మొదటి బకెట్టు పారబోయాలి అని రాశావు. దానికోసం నూట పన్నెండు ఇళ్ళు తిరిగావు. పరీక్షకులిద్దరూ వద్దన్నారని నీకు కబురు పంపాను. నువ్వు ఫోన్ చేసి, నువ్వైనా చదివావా అన్నయ్యా అని ఒక్క మాటే అడిగావు. చెల్లెలి వ్యాసం నేను ముట్టుకోకూడదమ్మా, చదవలేదు అన్నాను. అంతే, ఫోన్ పెట్టేశావు. నాలుగేళ్ళ తరవాత అదే సంగతి ఇంకెవరో వేరే పత్రికలో రాసి పేరు తెచ్చుకున్నారు. అప్పటికే నువ్వు పరిశోధన మానేసి, ఏదో ఆఫీసులో దరఖాస్తులు తీసుకునే ఉద్యోగంలో చేరావు.

మూడున్నరైంది. చింపేస్తే నేను మంచివాడిగానే ఇంటికి పోతాను. చింపకపోతే కొత్తావిడ చదువుతుంది.

ఎప్పటికీ నీ
అన్నయ్య

తా.క. నాలుగూ పది. చింపలేదు. ఫైలు ఆవిడ చేతిలో పెట్టాను. పరీక్షకులిద్దరూ అచ్చువేయమనే రాశారు చిట్టీ. ఒకాయనైతే 'వెంటనే' అన్న మాట కింద గీత కూడా గీశారు. సొంత చెల్లెలిది వేసుకున్నాడంటారని భయపడి నేనే ఆపాను. ఆ రెండు నివేదికల నకళ్ళూ ఇందులో పెడుతున్నాను. ఫైలు అట్టమీద వ్యాసం అందిన తేదీ ముద్ర ఉంది. ముందు కనిపెట్టింది నువ్వేనని చెప్పడానికి అది చాలు. నా వీడ్కోలు సంపాదకీయం తీసేసి ఆ చోట ఈ సంగతే వేస్తానని ఆవిడంది. వెయ్యమన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నావంటావు, నిజమే. క్షమించమని అడగను. ఆ రోజు నువ్వడిగినదానికి మాత్రం ఇప్పుడు జవాబు చెబుతున్నాను. చదివానమ్మా. మూడుసార్లు చదివాను. చాలా బాగా రాశావు.