పెద్దపీరు ఎవరి చేతికి

నూరున్నీసా నాయనకు సలాములు.

ఇక్కడ మేమంతా బాగున్నాము. కువైట్‌లో మీరూ బాగుండాలని నమాజు చేసినప్పుడల్లా దువా చేస్తున్నాను. బాగున్నామని రాశాను గాని, పండుగ అయిపోయినప్పటి నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. పొయ్యి మీద కూర పెట్టి మరిచిపోతున్నాను.

మీరడిగినవి ముందు చెబుతాను. అత్తమ్మకు ప్రొద్దుటూరు డాక్టరు మందు పని చేసింది, మోకాళ్ల నొప్పులు తగ్గాయి. నూరున్నీసాకు మీరు పంపిన గౌను పొట్టిదైంది, అయినా విప్పనంటుంది. ఊరి దాకా తారురోడ్డు పడింది. పులివెందుల నుంచి మా అన్న వచ్చి, "ఏమ్మే, ఇది మీ ఊరేనా?" అని నోరు తెరిచాడు. సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం మన మిద్దె మీదికి కనబడుతుంది. నలుగురికీ పనులు దొరికితే కొట్లాటలు వాటంతటవే తగ్గుతాయని మీరు అనేవారు. ఏం తగ్గాయి? పని కావాలని పోతే ముందు నువ్వెవరివి, ఏ పార్టీవి అని అడుగుతున్నారు. టీ అంగళ్లు కూడా వాళ్లవి వేరు, మనవి వేరు అయిపోయాయి.

ఫ్యాక్టరీలో మీ ఉద్యోగం ఏమైంది, అక్కడి పని వదిలి రావచ్చా అని మరీ మరీ అడిగారు. దానికి వస్తాను. ముందు పీర్ల పండుగ సంగతి చెప్పాలి.

మీరు లేరు గనుక పీర్ల చావిడి తాళంచెవి నా దగ్గరే ఉంది. పండుగకు ముందు అబ్దుల్ సత్తార్ జమ్మలమడుగు నుంచి జీపులో వచ్చాడు. మన వీధికి ఇప్పుడు అతనే నాయకుడు. అతను చెప్పినవాళ్లకే ఫ్యాక్టరీ పనులు.

"వదినా, ఈసారి పెద్దపీరును మనోళ్లే ఎత్తుకోవాల. ఫక్కీరప్ప వాళ్లు ఆ పార్టీ. వాళ్ల చేతికిచ్చినావంటే మన పరువేం కావాల? అన్న ఉద్యోగం కాయితం నా జోబీలోనే ఉండాది. పండగ కానీ, ఇచ్చేస్తా" అన్నాడు.

నేను తలూపాను. మీరు వస్తారన్న ఆశ ముందు నాకింకేమీ కనబడలేదు.

మీ తాత కాలం నుంచి పెద్దపీరును ఎత్తుకునేది పెంచలమ్మ ఇంటివాళ్లే కదా. పీరుకు మొక్కుకుంటే పుట్టాడనే ఆమె కొడుక్కు ఫక్కీరప్ప అని పేరు పెట్టుకుంది. ఊరేగింపులో బాంబులు పడిన ఏడాది మనమంతా ఇళ్లలోకి పరుగెత్తితే, అతని నాయన ఒక్కడే పీరును కింద పెట్టకుండా వీధిలో నిలబడ్డాడు. అప్పుడు మనకు రోడ్డూ లేదు, ఫ్యాక్టరీ లేదు.

పీర్లు లేచే రోజు సత్తార్ తమ్ముని కొడుకు కొత్తబట్టలు వేసుకుని చేతులు చాపి నిలబడ్డాడు. మీ బదులు నేనే పీరును తీసుకుని గడప దాటాను. చావిడి గోడ పక్కన ఫక్కీరప్ప తడిపంచెతో కనిపించాడు. వాళ్ల పార్టీవాళ్లు కూడా పోవద్దని అతన్ని కట్టడి చేశారట.

"నువ్వేందప్పా ఈడ?" అన్నాను.

"ఎత్తుకునేదానికి రాలేదక్కా. పొద్దున్నే తలకు పోసుకున్యా, కాళ్లు ఈడికే వచ్చినాయి. సూసి పోతా" అన్నాడు.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "సూసేదేంది, పట్టుకో" అని పీరును అతని చేతుల్లో పెట్టేశాను. పెంచలమ్మ కొడుకు కాళ్ల మీద నీళ్లు పోస్తూ ఒకటే ఏడుపు. రెండు పార్టీల ఆడవాళ్లూ బిందెలతో బయటికి వచ్చారు. మగవాళ్లలో శానామంది అరుగుల మీద నుంచి లేవలేదు.

సత్తార్ జీపెక్కి వెళ్లిపోయాడు. ఆ ఉద్యోగం అతని తమ్ముని కొడుక్కు వచ్చింది.

ఇదీ మీ ప్రశ్నకు జవాబు. అక్కడి పని వదలొద్దు. మీ రాకను నా చేతులతో నేనే పోగొట్టాను. తిట్టండి, పడతాను. కానీ వచ్చే ఏడు కూడా తాళంచెవి నా దగ్గరే ఉంటే పీరును ఫక్కీరప్పకే ఇస్తాను. మీకు నచ్చకపోతే తాళంచెవి ఇంకెవరికైనా ఇమ్మని రాయండి.

ఒక్కటి మాత్రం నా వల్ల కావడం లేదు. మీరు వస్తున్నారని నూరున్నీసాకు నేనే చెప్పాను. బస్సు హారను వినబడితే చాలు, ఆ పొట్టి గౌనుతో కొత్త రోడ్డు మీదికి పరుగెత్తుతోంది. రావడం లేదని దానికి మీరే రాయండి.

ఇట్లు,
మీ ఇంటిది,
హజరాబీ